అన్నం తినే చెయ్యి

నా కుడిచెయ్యి నా మాట వినడం మానేసి ఒక వానాకాలం గడిచిపోయింది. మిగతా ఒళ్ళంతా బుద్ధిగానే ఉంది. కాలు కాస్త ఈడుస్తాను, మాట కాస్త ముద్దగా వస్తుంది, అంతే. ఈ చెయ్యి మాత్రం ఒళ్ళో పెడితే ఒళ్ళోనే పడి ఉంటుంది, ఎవరో మర్చిపోయి వెళ్ళిన సంచీలాగా. వేళ్ళు సగం ముడుచుకుంటాయి. పిడికిలి పట్టమంటే పట్టదు. డాక్టరుగారు రబ్బరు బంతి ఇచ్చి రోజూ నొక్కమన్నారు. ఈ వయసులో నాకు బంతాట ఏమిటని దాన్ని పక్కింటి కుక్కపిల్లకి ఇచ్చేశాను.

ఆ పొద్దున మాత్రం ఆ చేతిని బతిమాలుకున్నాను.

తెల్లారుతూనే ఏలూరు నుంచి ఫోను వచ్చింది. మా మనవరాలు నిస్సీకి నెల ముందే నొప్పులు మొదలయ్యాయట. అది తాడేపల్లిగూడెంలో అత్తవారింట్లో ఉంది. వచ్చే వారం పురిటికి తీసుకొద్దామని ఇక్కడ మంచం కూడా బాగుచేయించి పెట్టాం. దాని మొగుడు ఎడ్విన్ కారు మాట్లాడుకుని తిన్నగా ఏలూరు ఆసుపత్రికి తీసుకుపోయాడు. బిడ్డ గుండె చప్పుడు తగ్గుతోందని, ఆపరేషన్ చెయ్యాల్సి రావచ్చని చెప్పారట. మా అబ్బాయి నెహెమ్యా చొక్కా గుండీలు పెట్టుకుంటూనే మోటారు సైకిలెక్కాడు.

కోడలు కుసుమ వెళ్ళలేదు. కన్నతల్లి కూతురి పక్కన ఉండాల్సిన వేళ అది. కానీ ఇక్కడ నేనున్నానుగా. నన్ను లేపాలి, కడగాలి, తినిపించాలి. కైకలూరు నుంచి మా మేనకోడలు భాగ్యశ్రీ వచ్చి నా దగ్గర కూర్చునేదాకా కుసుమ గడప దాటడానికి లేదు. భాగ్యశ్రీ పదింటికి వస్తానంది. అది పదన్నదంటే ఎప్పుడొస్తుందో మా బంధువులందరికీ తెలుసు.

కుసుమ నన్ను అరుగు మీద గోడకి జేర్లబెట్టి కూర్చోబెట్టింది. ముఖం చూస్తే రక్తం లేదు. ఫోను కొంగున ముడేసుకుంది.

"బియ్యం చేటలో పోసి ఇలా ఇవ్వమ్మాయ్, రాళ్ళేరతాను" అన్నాను.

"మిల్లు బియ్యంలో రాళ్ళెక్కడున్నాయండీ అత్తయ్యగారూ" అంది గాని, తెచ్చి ఒళ్ళో పెట్టింది. ముసలిదానికి ఏదో ఒక కాలక్షేపం కావాలనుకుని ఉంటుంది.

నాకు రాళ్ళు అక్కర్లేదు. నిస్సీ బిడ్డకి పిడికెడు తియ్యాలి. అదీ కబురు రాకముందే తియ్యాలి.

ఇది మా అమ్మ నేర్పింది. ఎసరు పెట్టాక ఇంటిల్లిపాదికీ సరిపడా బియ్యం కొలిచి, అందులోంచి ఒక పిడికెడు వెనక్కి తీసి కుండలో వేసేది. ఆదివారం ఆ కుండలో ఎంతుంటే అంత గుడికి. అక్కడ అందరి బియ్యం ఒకే గంపలో పోసేవారు. ఎర్రబియ్యం, తెల్లబియ్యం, నూకలు, అన్నీ కలిసిపోయేవి. ఇంట్లో సంపాదించే మగదిక్కు లేనివాళ్ళు, మంచం పట్టినవాళ్ళు ఆ వారం ఆ గంపలోంచి తినేవారు. ఉడికితే ఒక మెతుకు పలుకుగా ఉండేది, ఒక మెతుకు చిదికిపోయేది. ఎవరూ వంక పెట్టేవారు కాదు.

తీసేటప్పుడు ఒక పేరు చెప్పాలి. ఒక పిడికిలికి ఒక పేరు. మా అమ్మకి చదువు లేదు, పొడుగు ప్రార్థనలు రావు. "ప్రభువా, అబ్బులు" అనేది. అబ్బులంటే మా నాన్న. నాన్నకి జ్వరమని కూడా చెప్పొచ్చు కదమ్మా అంటే, "ఆయనకి తెలియదా ఏంటి, మనం చెప్పాలా" అనేది. మర్నాడు "ప్రభువా, సారమ్మ" అని నా పేరు చెప్పేది. అప్పుడు నేను ఎక్కడున్నా, కొల్లేటి గట్టున ఆడుకుంటున్నా, నా బొజ్జ నిండినట్టే ఉండేది.

అందులో రెండు పట్టింపులున్నాయి. తీసేవాళ్ళు తమ పేరు తాము చెప్పుకోకూడదు. "మరి నీకెవరు తీస్తారమ్మా?" అని అడిగితే, "నువ్వు పెద్దదానివయ్యాక తీద్దువుగాని" అంది. తీశాను కూడా, ఆవిడ బతికున్నన్నాళ్ళూ. రెండోది, ఏ చేత్తో అన్నం తింటామో ఆ చేత్తోనే తియ్యాలి. నోట్లోకి పోవాల్సిన ముద్ద అది, ఆ నోటికి అలవాటైన చెయ్యే దాన్ని వెనక్కి తియ్యాలని ఆవిడ మాట. ఎడంచేత్తో గాని, గ్లాసుతో గాని తియ్యబోతే వేళ్ళ మీద ఒక్కటి ఇచ్చేది.

ఇంట్లో ఎవరైనా నొప్పులు పడుతుంటే బిడ్డ నేల మీద పడకముందే ఒక పిడికెడు తియ్యాలి. పేరింకా ఉండదు కనక "ప్రభువా, వచ్చే బిడ్డ" అంటే చాలు. వచ్చేవాళ్ళ వాటా వాళ్ళకంటే ముందే ఆకలిగా ఉన్నవాళ్ళకి చేరాలట. నెహెమ్యాకి మా అమ్మ తీసింది. నిస్సీకి నేను తీశాను. ఇలాంటివి మూఢనమ్మకాలని మా పాస్టరు అయ్యగారు ఒకసారి ప్రసంగంలో అన్నారు. ఆయన పిల్లలిద్దరికీ ఆయన తల్లిగారే తీయడం నేను కళ్ళారా చూశాను. గుళ్ళో కదా అని ఊరుకున్నాను.

చెయ్యి బియ్యంలో పెట్టాను. చల్లగా ఉన్నాయి. అంతవరకు తెలిసింది. వేళ్ళని మడవమన్నాను. కొంచెం మడిచి ఊరుకున్నాయి. ఎడంచేత్తో వాటిని పట్టుకుని మూశాను. పైకి ఎత్తేసరికి బియ్యం సందుల్లోంచి జారిపోయి, అరచేతిలో నాలుగు గింజలు మిగిలాయి. మళ్ళీ పెట్టాను. మళ్ళీ జారాయి. కొన్ని అరుగు కింద పడితే పిచ్చుక వచ్చి తిని, ఇంకా ఉన్నాయా అన్నట్టు నా వంక చూసింది.

నాకు కోపం వచ్చింది, భయమూ వేసింది. అక్కడ ఆసుపత్రిలో ఆ పసిగుండె ఆగి ఆగి కొట్టుకుంటోంది. ఇక్కడ దాని పిడికెడు ఇంకా చేటలోనే ఉంది. దేవుడు బియ్యం చూసి బిడ్డల్ని ఇవ్వడని నాకు తెలియదా? తెలుసు. అయినా మా ఇంట్లో ఏ పురిటికీ తప్పని పని ఆ పురిటికే తప్పిపోతుంటే గుండెల్లో రాయి పడ్డట్టయింది. వానాకాలం నుంచీ కుండలో గింజ పడలేదు. పెద్దవాళ్ళ పేర్లు ఎలాగో ఎడంచెయ్యి గుండె మీద వేసుకుని చెప్పుకున్నాను. వచ్చే బిడ్డకి అలా చెప్పి సరిపెట్టడానికి నాకు మనసొప్పలేదు.

ఎండ చేపల చెరువుల మీద పడి, మా ఇంటి దూలాల మీదికి వెలుగు వచ్చి ఆడుతోంది. చెరువుల్లో ఏరేటర్లు నీళ్ళని చిలుకుతున్నాయి. ఆ చప్పుడు వినగా వినగా తెడ్డు చప్పుడైపోయింది. గట్లు కరిగిపోయాయి. చెరువుకీ చెరువుకీ మధ్య హద్దులు లేవు, ఎటు చూసినా ఒకటే నీరు, కలువలు, తూటికాడ పూలు. గూడబాతులు పెళ్ళివారిలా నింపాదిగా ఈదుకుంటూ పోతున్నాయి. తాటిదోనెలో మా అమ్మ, నేను. ఆదివారం కాబోలు, అమ్మ ఒళ్ళో కుండ ఉంది. దోనె ఎవరూ నడపకుండానే పోతోంది.

"తీశావా?" అంది అమ్మ.

"చెయ్యి పట్టడం లేదమ్మా."

"ఏ చెయ్యి?"

"అన్నం తినే చెయ్యి."

అమ్మ నా కుడిచెయ్యి తన చేతిలోకి తీసుకుని, అటూ ఇటూ తిప్పి చూసింది. సంతలో వంకాయ చూసినట్టే చూసింది. తర్వాత నవ్వింది.

"దీంతో తింటున్నావా నువ్వు?" అంది.

నేను జవాబు చెప్పబోయేలోపు ఎవరో "అత్తయ్యగారూ, నోరు తెరవండి" అన్నారు.

కళ్ళు తెరిచాను. కుసుమ పళ్ళెంతో నా ఎదుట కూర్చుని ఉంది. పెరుగన్నం కలిపి, ముద్ద చేసి, నా నోటి దగ్గర పెట్టింది. అలవాటుగా నోరు తెరిచాను.

ఆసుపత్రిలో ఉన్నప్పుడు నర్సమ్మ చెంచా ఇచ్చింది, ఎడంచేత్తో తినమని. ఇంటికొచ్చిన రోజే కుసుమ ఆ చెంచా తీసి డబ్బాలో పడేసింది. "అన్నాన్ని చెంచాతో తినడం ఏంటండీ, మందులాగా" అంది. అప్పటినుంచీ మూడు పూటలా తనే కలిపి పెడుతోంది. చారన్నంలో ఎంత నెయ్యి కావాలో, ముద్ద ఎంత చిన్నదైతే నాకు గొంతు దిగుతుందో ఆ వేళ్ళకి తెలుసు. ఆ పొద్దున ముద్ద పెడుతూనే కొంగున ఉన్న ఫోను వంక చూసుకుంటోంది. కళ్ళు తుడుచుకోడానికి చెయ్యి ఖాళీ లేక భుజానికి రాసుకుంటోంది.

ఆ చేతినే చూస్తూ ఉండిపోయాను. ముద్ద మింగడం మర్చిపోయాను.

"ఏమైందండీ? పొరబోయిందా?"

"కుసుమా" అన్నాను. "వంటింట్లో మూల కుండ ఉంది, పట్రా. చెయ్యి కడుక్కుని రా."

ఏ కుండో తనకి చెప్పక్కర్లేదు. కుసుమది నల్లజర్ల. వాళ్ళ నాన్న సత్తిరాజుగారికి అక్కడ పొలాలున్నాయి. మా నెహెమ్యాని చేసుకుని వచ్చినప్పుడు తన వేంకటేశ్వరస్వామి పటాన్ని కూడా వెంట తెచ్చుకుంది. నేను కాదనలేదు. క్రిస్మస్‌కి గుడికొచ్చి వెనక చాప మీద కూర్చుంటుంది, కార్తీకమాసంలో ఇంట్లో దీపం పెట్టుకుంటుంది. బాప్తిస్మం ఎప్పుడిప్పిస్తారని స్త్రీల సమాజం వాళ్ళు అడిగితే, "ముందు మీ కోడళ్ళ చేత అన్నం వండించండి" అన్నాను. మళ్ళీ ఎవరూ అడగలేదు. కానీ ఆ కుండలో తను ఎప్పుడూ చెయ్యి పెట్టలేదు. అది నాదని, పెట్టకూడదని అనుకునేది.

కుండ తెచ్చి నా ముందు పెట్టింది. ఖాళీ కుండే గాని లోపల దుమ్ము లేదు, బయట మరక లేదు. ఇన్నాళ్ళూ తుడుస్తున్నదెవరో నేను అడగలేదు.

"నిస్సీ బిడ్డకి పిడికెడు తియ్యి" అన్నాను.

కుసుమ వెనక్కి జరిగింది. "నేనాండీ? నేను తియ్యొచ్చాండీ? నాకు బాప్తిస్మం లేదు కదండీ."

"నాకు ముద్ద పెట్టేటప్పుడు నా నోరు అడిగిందా నిన్ను, బాప్తిస్మం ఉందా అని?"

"అది వేరండీ..."

"వేరెందుకవుతుంది? తినే చేత్తో తియ్యమంది మా అమ్మ. నేను తినేది నీ చేత్తోనే. ఈ ఇంట్లో ఇప్పుడు నా అన్నం చెయ్యి అదే. తియ్యమ్మా, ఆలస్యం చెయ్యకు."

తను నా వంక చూసింది, చేట వంక చూసింది. ఏమనాలో చెబుదామని నోరు తెరిచాను గాని అక్కర్లేకపోయింది. పొలాల్లో నారు పట్టిన చెయ్యి, పెద్ద పిడికిలి. గింజలు పైకి పొంగేంత పట్టింది. కుండ మీద పెట్టి, "ప్రభువా, వచ్చే బిడ్డ" అంది. బియ్యం గలగలమని పడ్డాయి. తర్వాత ఆ చెయ్యి కళ్ళకద్దుకుంది. మా అమ్మ అలా చేసేది కాదు. చూడ్డానికి నాకు బాగానే ఉంది.

పెరుగన్నం పళ్ళెంలో ఆరిపోయింది. గూడబాతొకటి మా పెంకుల మీదుగా చెరువు వైపు పోయింది.

ఫోను మోగింది. కుసుమ ముడి విప్పలేక పంటితో లాగింది. నెహెమ్యా గొంతు నాకూ వినపడింది. ఆపరేషన్ చేసి తీశారట. ఆడపిల్ల. ముందు ఏడవలేదట, తర్వాత ఏడ్చిందట. నెల తక్కువ కదా, నాలుగు రోజులు అద్దాల పెట్టెలో ఉంచుతారట. నిస్సీ బాగుంది, వాళ్ళమ్మ ఎప్పుడొస్తుందని అడుగుతోందట.

కుసుమ ఫోను కింద పెట్టి నేల మీద కూలబడి ఏడ్చింది. నేను ఎడంచెయ్యి తన తల మీద వేశాను. "స్తోత్రం, స్తోత్రం" అనుకున్నాను. అంతకంటే నాకూ పొడుగు ప్రార్థనలు రావు.

వీధి చివర ఆటో చప్పుడు, దాంతోపాటు ఆటోవాడితో భాగ్యశ్రీ తగువు వినిపించాయి. కుసుమ గబగబా ముఖం కడుక్కుంది. నా మధ్యాహ్నానికి బియ్యం పడేసి వెళ్ళిపోతానంటూ చేట తీసుకుంది. లేవబోయి ఆగింది. మళ్ళీ బియ్యంలో చెయ్యి పెట్టి పిడికెడు తీసింది.

"మళ్ళీ ఎవరికే? నిస్సీకా?"

"కాదండీ." తల ఎత్తకుండానే అంది. "ఇన్నేళ్ళు వంటింట్లో మీ పక్కనే నిలబడ్డానుగా. అందరి పేర్లూ విన్నాను. నాకు జ్వరమొచ్చిన రోజు నా పేరు విన్నాను. మా నాన్న పేరు కూడా విన్నాను. మీ పేరే ఎప్పుడూ వినలేదండీ."

కుండ మీద పిడికిలి పెట్టింది. పెదవులు కదిలాయి గాని మాట రాలేదు. ఎందుకో నాకర్థమైంది. అత్తగారిని పేరు పెట్టి పిలవడం ఆ నోటికి ఎలా వస్తుంది? నేను తల తిప్పుకున్నాను, ఇబ్బంది పడకుండా అననిద్దామని.

"ప్రభువా, సారమ్మగారు" అంది కుసుమ.

"దేవుడి దగ్గర గారు ఏమిటే పిచ్చిమొహమా" అన్నాను. అంతవరకే అనగలిగాను. మా అమ్మ మట్టిలో కలిసిపోయిన నాటి నుంచీ ఆ పేరు మీద పడని బియ్యం నా ముందే కుండలో పడుతున్నాయి, నాకు ఏడుపు ఆగలేదు.

ఆటో దిగి వచ్చిన భాగ్యశ్రీ నన్ను చూసి, బిడ్డకేదో అయిపోయిందనుకుని గడపలోనే శోకాలు మొదలుపెట్టింది.