చిల్లుబిళ్ళలు

...నవ్వేసి ఉంటే సరిపోయేదేమో, అందరితోపాటు. నవ్వు పెదవులదాకా వచ్చింది కూడా. తన తప్పుకు తానే ముందు నవ్వేస్తే ఎదుటివాళ్ళకు నవ్వడానికేమీ మిగలదు. చిన్నప్పటినుంచీ జోగమ్మకు అదొక అలవాటు. ఈసారి ఎందుకో ఆ నవ్వు గొంతులోకే దిగిపోయింది.

మొదటి జర్మనీ యుద్ధం అయ్యాక కాశీబుగ్గలో పెట్టిన సహకార సంఘం కొట్టు అది. బల్లమీద ఆమె ఆరు ఇత్తడి బిళ్ళలు తాడుకు గుచ్చి ఉన్నాయి. వలలు నిండిన రోజుల్లో డబ్బు ముందే కట్టి, వేట లేని నెలల కోసం కొనుక్కున్నవి. బిళ్ళకు కుంచెడు రంగం బియ్యం, రంగూన్ నుంచి ఓడల్లో వచ్చేవి. పడవ ఒడ్డుకు లాగేటప్పుడు కెరటం కొంగుముడి ఎన్నిసార్లు విప్పుకుపోలేదు! అందుకే మేకుతో చిల్లులు పొడిచి నడుముకు కట్టుకుంది.

“సిల్లు పడిందంటే బియ్యం ఇచ్చేసినట్టే,” అన్నాడు గుమాస్తా వైకుంఠరావు. బియ్యం కొలిచాక బిళ్ళకు చిల్లు కొట్టడం సంఘం పద్ధతి. “ఇవి సెల్లవు.”

“అది నాను పొడిసింది బాబూ! మీ సిల్లు గుండ్రంగుంటాది. నాది సూడు, ఎంత వంకరో!”

“సిల్లు సిల్లే.”

“వడ్డాణం సేయించుకున్నావేటే జోగమ్మా?” అంది వెనకనుంచి రైతు ఇల్లాలు గౌరమ్మ. అంతా గొల్లుమన్నారు.

చిల్లు పడింది ఇత్తడికి. బియ్యం అదిగో, బస్తాలోనే ఉంది. ఇంట్లో నాలుగు రోజులుగా గంజినీళ్ళే. పద్ధతి కాగితంమీద రాసి గోడకు అంటించారట, చదువుకున్నవాళ్ళకు. డబ్బు పుచ్చుకున్న నాడు ఒక్క ముక్క నోటితో చెప్పడానికి ఏం అడ్డొచ్చింది? ఇంతసేపూ తలెందుకు వంచుకుని నిలబడింది తను? దొంగలాగా?

“నాను బియ్యం పట్టుకెళ్ళినట్టు మీ పుస్తకంలో ఉందేటి? తీసి సూడండి.”

“పుస్తకం తియ్యాలంటే సెక్రటరీగారు రావాల. సోమారం రా.”

“అందాకా పిల్లలకేటి ఉడకెయ్యమంటారు, ఈ బిళ్ళలా?”

ఈసారి ఎవరూ నవ్వలేదు. వైకుంఠరావు మాత్రం తాడును పక్కకు నెట్టి, “గౌరమ్మా, నీ బిళ్ళ ఇలా తే,” అంటూ బియ్యం కొలిచే కుంచం కోసం చెయ్యి చాచాడు.

జోగమ్మ చెయ్యే ముందు వెళ్ళింది. కొట్టులో ఉన్న ఆ ఒక్క కుంచాన్నీ ఒళ్ళో పెట్టుకుని, బస్తా ముందు చతికిలబడింది.