బునే పిట్టతో ఇసిరేలి మంతనాలు

మా ఊరి బడిలో పాఠాలు చెప్పే ఉనైసికి బునే పిట్టను ఫొటో తీయాలని పట్టుదల. గుప్పెడంత పావురం, ఒళ్ళంతా నారింజ రంగు. మా తవెఉని దీవి కొండ మీద ఆకుల మధ్య దాక్కుని, నాలుకతో చప్పరించినట్టు "టక్" అంటుంది. వానాకాలం మొదలైనప్పటి నుంచి ఉనైసి ఎక్కుతూనే ఉంది. కెమెరాలో మాత్రం ఆకులే.

ఆమె మేనమామ ఇసిరేలి ఊరిపెద్ద తరఫున మాట్లాడే మనిషి. ఏ ఊరు వెళ్ళినా పానీయం చేసుకునే యంగోనా మొక్క వేర్ల కట్టను కానుకగా ముందు పెట్టి, లోపలికి రావడానికి అనుమతి అడిగేది ఆయనే.

"చెప్పాపెట్టకుండా దాని ఇంట్లోకి దూరుతున్నావు. ముఖం చూపిస్తుందా?" అన్నాడాయన.

"పిట్టకి యంగోనా పెట్టమంటారా మామయ్యా?"

"నీకు చేతకాదులే. నేనొస్తాను."

మర్నాడు, పెళ్ళికి వెళ్ళేటప్పుడు మా వాళ్ళు చుట్టుకున్నట్టు నడుముకు చాప చుట్టుకుని కొండెక్కాడు. బురదలో బాసింపట్టు వేసి, కట్ట ముందు పెట్టి, ముందుగా మా పూర్వీకులను తలచుకున్నాడు. పిట్ట పూర్వీకుల దగ్గర తడబడి, పేర్లు తెలియనందుకు మన్నించమన్నాడు.

పైనుంచి "టక్" అని వినిపించింది.

"స్వీకరించారు," అన్నాడు గుసగుసగా.

"అది ఎప్పుడూ అలాగే అంటుంది మామయ్యా."

"మర్యాదస్తుడన్నమాట. చప్పట్లు కొట్టు."

ఉనైసి కొట్టింది. పిట్ట నిజంగానే దిగి, ఆయన చెవి పక్క కొమ్మ మీద వాలింది. ఆమె ఊపిరి బిగబట్టి నొక్కింది. కెమెరా "టక్" మంది. పిట్టా "టక్" అంది.

ఇసిరేలి ముఖం మాడిపోయింది. "పెద్దలు మాట్లాడుతుంటే ఆ కెమెరాని ఎవరు నోరు విప్పమన్నారు?"

"కదలకండి మామయ్యా."

"మన ఊరి తరఫున ఏదో మాటిచ్చేసింది. అవతలివారు ఒప్పుకున్నారు కూడా."

కెమెరా తరఫున ఆయన క్షమాపణ చెప్పాడు. ఉనైసి మళ్ళీ నొక్కింది. పిట్ట మళ్ళీ బదులిచ్చింది. ఆయన మళ్ళీ క్షమాపణ మొదలుపెట్టాడు. వాన పట్టేదాకా ఇదే వరస. చివరికి పిట్టే లేచిపోయింది.

ఫొటోలన్నిటికీ మామయ్య చెయ్యి అడ్డం. ఒక్కదాంట్లో మాత్రం పిట్ట నిప్పుకణికలా వచ్చింది. ఊరంతా చూసి మురిసింది, కొండ మీద జరిగింది విని నవ్వింది. ఊరిపెద్ద ఒక్కడే నవ్వలేదు.

"ఇంతకీ మనం ఏం మాటిచ్చాం?"

"అదే సరిగ్గా వినపడలేదు," అన్నాడు ఇసిరేలి.

పెద్దాయన తీర్పు చెప్పాడు. "ఆ మాటేమిటో తేలేదాకా పిట్ట ఉండే వైపు చెట్ల మీద గొడ్డలి పడకూడదు."

వంటిల్లు కట్టుకోవడానికి అక్కడ ఓ మాను చూసిపెట్టుకున్న మా బావ, ఆ రోజు నుంచి ఉనైసితో మాట్లాడటం మానేశాడు.