మొదటి వంతు

నంద్యాల జట్టుకూ ఆళ్లగడ్డ జట్టుకూ ప్రతి వేసవిలో మూడు కబడ్డీ ఆటలు జరిగేవి. మూడింట్లో రెండు గెలిచినవాళ్లది ఆ ఏటి కప్పు. కప్పు చిన్నదే, ఒక చెవి ఊడిపోయింది కూడా. అయినా ఆ ఆటలు చూడటానికి బేతంచెర్ల నుంచి, కొలిమిగుండ్ల నుంచి జనం బండల లారీలెక్కి వచ్చేవాళ్లు.

రెండు ఊళ్లకూ సొంత ఆటగాళ్లు నలుగురైదుగురే. మిగతావాళ్లంతా చుట్టుపక్కల పల్లెలవాళ్లు. మంచి ఆటగాణ్ణి తమవైపు లాక్కోవడం దగ్గర ఏటా మాటా మాటా పెరిగేది. ఒకసారి చేతులు కూడా లేచాయి. అందుకని పెద్దలు కూర్చుని ఒక పద్ధతి పెట్టారు. పల్లెల నుంచి ఆడాలనుకునేవాళ్లు మే నెల మొదటి ఆదివారం సాయంత్రం నంద్యాల మైదానంలో వరుసగా నిలబడాలి. రెండు జట్ల పెద్దలు వంతులవారీగా ఒక్కొక్కరిని పేరు పెట్టి పిలుచుకోవాలి. పోయినేడు ఓడినవాళ్లది మొదటి వంతు. ఒకసారి పిలుచుకున్నవాడు ఏటా ఆ జట్టుకే ఆడాలి, దెబ్బ తగిలి ఆట ఆపినవాడు మాత్రం మళ్లీ వరుసలో నిలబడాలి.

1979లో మొదటి వంతు నంద్యాలది. నా పేరు యేసురత్నం. కొలిమిగుండ్ల దగ్గర ఎలిమెంటరీ స్కూల్లో కొత్తగా పంతులుగా చేరాను. ఆ ఏడే మొదటిసారి ఆ వరుసలో నిలబడ్డాను. నేను పట్టేవాణ్ణి. కూతకు వచ్చినవాడి కాలు నా చేతికి దొరికితే వదిలేది లేదని మా ఊళ్లో ఒక పేరుండేది. అంతకుమించి నాలో ఏమీ లేదు.

నా పక్కన నిలబడినవాడు జయరాజు. ఇరవై రెండేళ్లు. బేతంచెర్లలో బండలకు పాలీషు పట్టే పని. వాడు కూతకు వెళ్తే పిల్లలు అరవడం మానేసి చూసేవాళ్లు. ఎడమకు వంగాడనుకుంటే కుడివైపు ఉండేవాడు. అంతకు ముందు యాగంటి తిరునాళ్లలో ఒకే కూతలో నలుగురిని తాకి గీత దాటాడట. ఆ మాట అక్కడున్న అందరికీ తెలుసు.

నంద్యాల తరఫున పేర్లు పిలిచేది డ్రిల్లు మాస్టారు జ్ఞానప్రకాశం. ఆయన కూడా ఒకప్పుడు పేరున్న కూతగాడు. ఇప్పుడు నలభై అయిదేళ్లకే మెట్లెక్కాలంటే ఎడమ కాలు పక్కకు వేసి ఎక్కేవాడు. ఆయన వరుస ఈ చివర నుంచి ఆ చివర వరకు ఒకసారి నడిచి, జయరాజు ముందు కాసేపు ఆగి, నా పేరు పిలిచాడు.

మైదానంలో ఒక గుసగుస లేచింది. నాకు చెవులు వేడెక్కాయి. ఆళ్లగడ్డ తరఫున వచ్చిన శ్రీనివాసులు అనే రైతు, తన అదృష్టం చేజారిపోతుందేమో అన్నట్టు వెంటనే జయరాజు పేరు చెప్పేశాడు. ఆయనకు చెరువు కింద వరి, మెట్టమీద వేరుశనగ ఉన్నాయి. కానీ ఊళ్లో ఎవరూ ఆయన్ని పంట గురించి అడిగేవాళ్లు కాదు, జట్టు గురించే అడిగేవాళ్లు.

జయరాజు భుజం మీది టవలు సర్దుకుంటూ నన్ను చూసి నవ్వాడు. మనసులో మాత్రం నొచ్చుకున్నాడని తెలుస్తూనే ఉంది. "బాగుండాది అన్నా. ఇంక నువ్వు నన్ను పట్టాల" అన్నాడు.

ఆ వారం ప్రాక్టీసులో నేను మాస్టారిని అడిగేశాను, నన్నెందుకు ముందు పిలిచారని. ఆయన దాపరికం లేకుండా చెప్పాడు. "కూతకు పోయేవాని కాళ్లు ఐదేండ్లు, మహా అయితే ఆరేండ్లు. పట్టేవాని చేతులు పదైదేండ్లు. కూతకు పోయేటోళ్లు ఊరికి ఇద్దరు దొరుకుతారు. నిలబడి పట్టేటోడు దొరకడు. ఫస్టు వంతును నేను ఐదేండ్ల సరుకు మీద పెట్టను."

శ్రీనివాసులు దీనికి పూర్తిగా ఎదురు. వాళ్లిద్దరూ కలిసినప్పుడల్లా ఇదే వాదన. నంద్యాల బస్టాండులో టీ తాగుతూ, ఆళ్లగడ్డ సంతలో గొడ్లను చూస్తూ, ఒకసారి ఎవరిదో పెళ్లి పందిట్లో కూడా వాదించుకున్నారు. పాయింట్లు తెచ్చేవాడు లేకపోతే పట్టేవాళ్లు ఏం పట్టుకుని ఊరేగుతారని శ్రీనివాసులు అడిగేవాడు. జనం వచ్చేది ఎవర్ని చూడటానికని కూడా అడిగేవాడు. ఎంత వాదించుకున్నా చివరికి ఒకే బెంచీ మీద కూర్చునేవాళ్లు.

మొదటి ఆట ఆళ్లగడ్డలో. జయరాజు ఒక్కడే పద్నాలుగు పాయింట్లు తెచ్చాడు. నేను వాడిని ఒక్కసారి కూడా పట్టలేకపోయాను. మేం ఘోరంగా ఓడిపోయాం. రెండో ఆట నంద్యాలలో. ఈసారి మాస్టారు మా నలుగురిని చేయీ చేయీ కలిపి ఒక్కడిలా కదిలేలా తయారు చేశాడు. వాడు ఎన్నిసార్లు వచ్చినా మేం తొందరపడలేదు. గెలిచాం. ఆ రోజు వాడు ఇరవై ఆరుసార్లు కూతకు వచ్చాడు. పాయింట్లు తెచ్చేవాడు ఒకడు దొరికాక శ్రీనివాసులు ఇంకొకరిని పంపడం మరిచిపోయాడు.

మూడో ఆట మళ్లీ ఆళ్లగడ్డలో. మాస్టారి భార్య దానమ్మ మా బస్సులోనే వచ్చింది. ఆమె ఆస్పత్రిలో నర్సు. గుడ్డపట్టీలూ అయోడినూ ఉన్న పెట్టె లేకుండా ఆటకు వచ్చేది కాదు. ఎండ ఇంకా తగ్గలేదు. చెట్ల మీద, గోడల మీద, ఆగిన లారీల మీద జనం.

ఇంకో ఆరు నిమిషాలుందనగా రెండు జట్లకూ సమానం. జయరాజు కూతకు వచ్చాడు. మా మూలవాణ్ణి తాకి, వెనక్కి తిరిగే లోపల నేను దూకి వాడి ఎడమ చీలమండ పట్టుకున్నాను. పట్టు బాగా దొరికింది. ఇంకో క్షణంలో మిగతా ముగ్గురు వచ్చి మీద పడేవాళ్లు. అప్పుడు నా చేతికి తెలిసింది. కాలు ఒకవైపు ఉంది, మోకాలు ఇంకోవైపు జరుగుతోంది. వాడు అరవలేదు. కూత తెగలేదు. కానీ ఆ గొంతు మారిపోయింది, పసిబిడ్డ ఏడుపు ఆపుకున్నట్టు సన్నబడింది.

నేను వదిలేశాను.

వాడు పాక్కుంటూ వెళ్లి గీత తాకాడు. ఆళ్లగడ్డకు రెండు పాయింట్లు. జనం టవళ్లు ఎగరేశారు. మా జట్టువాళ్లు నన్ను తిట్టారు, తిట్టకుండా ఎట్లా ఉంటారు. మాస్టారు ఆట ఆపించి నన్ను దగ్గరికి పిలిచాడు. ఎందుకు వదిలావని అడిగాడు. చెప్పాను. ఆయన మైదానానికి అడ్డంగా నడిచి శ్రీనివాసులు దగ్గరికి వెళ్లాడు. నేనూ వెనకే వెళ్లాను.

"అన్నా, ఆ పిల్లోన్ని బయట కూర్చోబెట్టు" అన్నాడు.

శ్రీనివాసులు నవ్వాడు. "రెండు పాయింట్లు మేము ముందుంటే, వాన్ని తీసేయమని చెప్తాండావా సారూ?"

మాస్టారు అక్కడే నేల మీద కూర్చుని, ప్యాంటు ఎడమ కాలు మోకాలి పైదాకా మడిచాడు. ఆ మోకాలు నేను అంతకు ముందు చూడలేదు. ఎముక ఒక పక్కకు పొడుచుకొచ్చి, చుట్టూ కండ అరిగిపోయి ఉంది.

"ఇరవై ఏడేండ్లప్పుడు ఇట్లయింది. ఆ పొద్దు ఇంకో ఐదు నిమిషాలు ఆడినా. కప్పు మాదే. మా సారుకు ఎవరూ చెప్పలే. నీకు నేను చెప్తాండా."

శ్రీనివాసులు ఆ మోకాలి వైపు చూశాడు. తర్వాత జయరాజును పిలిచి గొంతుక్కూర్చోమన్నాడు. వాడు ఏమీ కాలేదన్నాడు. కూర్చోమని మళ్లీ చెప్పాడు. వాడు సగం వంగి ఆగిపోయాడు. ముఖమంతా చెమట. శ్రీనివాసులు వాడి చంక కింద చేయి వేసి, కాళ్ల నుంచి జారిన తన చెప్పులను కూడా పట్టించుకోకుండా నడిపించుకుంటూ తీసుకెళ్లి నీడలో కూర్చోబెట్టాడు. సొంత ఊరి జనమే ఆయన్ని కేకలేశారు. ఆయన వెనక్కి తిరగలేదు.

మేం మూడు పాయింట్ల తేడాతో గెలిచాం. కప్పు ఎవరు అందుకున్నారో నాకు గుర్తు లేదు. నేను దానమ్మ పక్కన మోకాళ్ల మీద కూర్చుని ఆమె కట్టు కడుతుంటే గుడ్డపట్టీ చుట్ట పట్టుకున్నాను. జయరాజు నన్ను చూడకుండా, "పట్టింటే మీరు ఈ ఆరు నిమిషాలు ఇంత కష్టపడేది ఉండదు కదన్నా" అన్నాడు. తర్వాత నా భుజం మీద తల పెట్టి ఏడ్చాడు.

మరుసటి రోజు శ్రీనివాసులే వాడిని బస్సులో నంద్యాల తీసుకొచ్చాడు. డాక్టరు ఆరు వారాలు కట్టు వేయాలన్నాడు. ఆ ఆరు వారాలూ జయరాజు మాస్టారింట్లోనే ఉన్నాడు. కట్టు విప్పాక బేతంచెర్ల పాలీషు ఫ్యాక్టరీలో కూర్చుని చేసే పని ఇచ్చారు. ప్రతి ఆదివారం గుడిలో ప్రార్థన అయ్యాక వాడు మాస్టారింటికి వచ్చేవాడు. వాడి చీలమండకు చిన్న ఇసుక సంచి కట్టి, బల్ల మీద కూర్చోబెట్టి, కాలు ఎత్తించి దించేవాళ్లు. దానమ్మ లెక్కపెట్టేది. యాభైకి ఒక్కటి తగ్గినా ఒప్పుకునేది కాదు. నేనూ వీలైనప్పుడల్లా వెళ్లేవాణ్ణి. కాలు కాస్త నిలదొక్కుకున్నాక మాస్టారు వాడికి ఆట కూడా మార్పించాడు. పరిగెత్తడం తగ్గించి, గీత దగ్గర నిలబడి, ఎదుటివాడు తొందరపడేదాకా కూత నిలుపుకోవడం నేర్పాడు. నేర్పుతున్నది ఎదుటి జట్టు ఆటగాడికని ఒకసారి గుర్తు చేశాను. వింటున్నాడో లేదో, "ఇంకో పది ఎత్తించు" అన్నాడు.

1980 మే. ఓడినవాళ్లు కాబట్టి మొదటి వంతు ఆళ్లగడ్డది. జయరాజు వరుసలో అందరికన్నా చివర నిలబడ్డాడు. చివరి పేరుగా పిలిచినా చాలని ఉదయమే నాతో అన్నాడు. మాస్టారు కూడా శ్రీనివాసులుకు ముందే చెప్పి పెట్టాడు, మంచి పట్టేవాణ్ణి తీసుకో, ఆ కాలికి ఇంకో ఏడాది కావాలి, చివర్లో నేనే వాణ్ణి పిలుచుకుని ఊరికే జట్టులో కూర్చోబెట్టుకుంటానని.

శ్రీనివాసులు వరుస వైపు చూడనైనా చూడలేదు. "జయరాజు" అన్నాడు.

మాస్టారికి కోపం రావడం అప్పుడే చూశాను. అందరి ముందూ శ్రీనివాసులు చేయి పట్టుకుని పక్కకు లాగి, బుద్ధి ఉందా అని అడిగాడు. శ్రీనివాసులు చేయి విడిపించుకోలేదు. నెమ్మదిగానే చెప్పాడు.

"అందరి ముందర ఫస్టు పిలిస్తే ఆ కాలు సగం నయమైతాది సారూ. మిగతా సగం నువ్వు చూస్తానే ఉండావు కదా. ఆటకు ఆరు కూతలు. ఏడోది వాడే అడిగినా నేను పంపను."

మాస్టారు చేయి వదిలాడు. వరుస చివర జయరాజు తల వంచుకుని కాలి బొటనవేలితో నేల గీరుతున్నాడు. తన పేరు పిలిచినా కదలలేదు. పక్కవాడు తోస్తే అప్పుడు నడిచాడు, కుంటకుండా నడిచాడు.

ఆ ఏడు కూడా ఆటలు మూడోదాకా వెళ్లాయి. శ్రీనివాసులు మాట తప్పలేదు. ఆటకు ఆరే కూతలు, లెక్క తన వేళ్ల మీద పెట్టుకునేవాడు. మూడో ఆటలో మేం ఒక పాయింటు ముందున్నప్పుడు, చివరి నిమిషంలో జయరాజు ఆరోసారి వచ్చాడు. గీత దగ్గరే నిలబడి కూత పెడుతూ ఉన్నాడు. ఎంతకీ లోపలికి రాడు. నా ఓపిక అయిపోయింది. ముందుకు దూకాను. వాడు నన్నూ, నా చేయి పట్టుకున్నవాణ్ణీ తాకి, ఒక్క అడుగు వెనక్కి వేశాడు. అంతే. ఒక పాయింటుతో కప్పు ఆళ్లగడ్డకు పోయింది.

ఈల మోగగానే మాస్టారు గబగబా కుంటుకుంటూ మైదానంలోకి వెళ్లి, జనం భుజాల మీద నుంచి జయరాజును దింపించి, మోకాలు నొక్కి చూశాడు. వంచమన్నాడు. చాచమన్నాడు. నొప్పి లేదన్నాక, వాడి రెండు చెంపలు పట్టుకుని ఏదో చెప్పాడు. ఆ గోలలో నాకు వినబడలేదు. తర్వాత అడిగినా వాడు చెప్పలేదు.

ఆ సాయంత్రం శ్రీనివాసులు మమ్మల్నందరినీ ఇంటికి తీసుకెళ్లాడు. ఆయన భార్య సరోజమ్మ రాగిసంగటీ, వేరుశనగ చట్నీ, కోడికూరా చేయించింది. జయరాజుకూ నాకూ ఒక్కో విస్తరి చాలదని రెండేసి వేసింది. తినడం సగం కాకముందే పెద్దవాళ్లిద్దరూ మొదలుపెట్టారు. ఆరు కూతలవాడి కోసం మొదటి వంతు వాడటం ఇప్పటికీ తప్పేనని మాస్టారు అన్నాడు. కప్పు గూట్లో ఉంది, కావాలంటే దాన్ని అడుగు అని శ్రీనివాసులు అన్నాడు. దానమ్మ వాళ్లిద్దరికీ మజ్జిగ పోసి, ఆ మోకాలికి ఈ నెల మళ్లీ ఆదివారాలు రావాలని జయరాజుకు చెప్పింది.

బయట నంద్యాల బస్సు హారను కొట్టింది. మేం లేవబోయాం. "కూర్చోండప్పా" అన్నాడు శ్రీనివాసులు. "డ్రైవరు మనోడే. ఆయప్పకూ సంగటి పంపిచ్చినా. తిన్యాకే పోతాడు."