తాలు మూట

బసవమ్మ రోజూ పొద్దున్నే లేచి మొదట తుమ్మేది. తర్వాత ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుని నడింట్లోకి వెళ్ళి మిరపకాయల రాశి చూసేది. ముందు రోజు గోడ మీద బొగ్గుతో గీసిన గీత కంటే రాశి ఎత్తుగా ఉంటే "లేచింది" అనేది. గీత కంటే కిందికి ఉంటే "కూలింది" అనేది. పక్క గదిలో మంచం మీద ఉన్న కోటేష్ ఆ మాట చెవిన పడ్డాకే కళ్ళు తెరిచేవాడు. ఆదివారం, సోమవారం పొద్దున మాత్రం చూడక్కర్లేదు. శని, ఆదివారాలు షేర్ల బజారుకి సెలవు కాబట్టి రాశి కదిలేది కాదు. ఆ రెండు రోజులూ బసవమ్మ ఊరికే దాని చుట్టూ ఊడ్చి కాఫీ పెట్టుకునేది.

ఆ రాశి చేలో పండింది కాదు. మిరప ధర ఆకాశానికి ఎక్కిన ఏడు కోటేష్ తన కౌలు చేలన్నిటి పంట అమ్మి, అప్పులు పోగా మిగిలిన పదహారు లక్షలు మ్యూచువల్ ఫండులో పెట్టాడు. మర్నాడు పొద్దున్నకి నడింట్లో రాశి వెలిసింది. ప్రత్తిపాడు వైపు ఆ ఊళ్ళో ఫండులో డబ్బు పెట్టిన ప్రతి ఇంట్లోనూ అలాగే వెలిశాయి. తోటి రైతు యలమంద రాశి మాత్రం గేదెల కొట్టంలో వెలిసింది. గేదెలు తుమ్మి తుమ్మి పాలు తగ్గించేశాయని అతను కొన్నాళ్ళు విసుక్కుని, ఆ తర్వాత దాని మీద టార్పాలిన్ కప్పాడు. చుట్టాలొస్తే ఎవరింట్లో అయినా "మీ రాశి ఎంతవరకొచ్చిందండీ" అని అడిగి, ఓ తుమ్ము తుమ్మి, మంచినీళ్ళు పుచ్చుకుని కూర్చునేవాళ్ళు.

కోటేష్‌కి ఆ రాశి ఇరవై నాలుగు లక్షలకి పెరగాలి. ఎందుకంటే పిచ్చయ్య గారి ఎకరం ధర అంత. పద్దెనిమిదేళ్ళుగా కోటేష్ కౌలుకి చేస్తున్న ఎకరం అది. దానిలో ఎక్కడ తేమ నిలుస్తుందో, ఎక్కడ పురుగు ముందుగా పడుతుందో పిచ్చయ్య గారికి తెలీదు, కోటేష్‌కి తెలుసు. ఈశాన్యం మూలన ఎండాకాలం కూడా ఎండని బోరుంది.

"ఏరా కోటేషూ, వచ్చే వేసవి దాకా నీ కోసం ఆగుతా. సెంటు ఇరవై నాలుగు వేలు. తేగలిగితే నీ పేర రాస్తా. లేదంటే ప్లాట్ల వాళ్ళు అడుగుతున్నారు, ఇచ్చేస్తా" అన్నాడు పిచ్చయ్య గారు. కాదనడానికేముంది, ఆయన పొలం ఆయనది. కానీ ఆ చేలో ఎవరో సిమెంటు రాళ్ళు పాతడం తలుచుకుంటే కోటేష్‌కి అన్నం సహించేది కాదు.

ఫండు పని చూసిపెట్టేది వీరబాబు. కమీషను మీద బతికే కుర్రాడు. ఫిబ్రవరి నెలాఖరులో ఒక మధ్యాహ్నం కల్లానికి వచ్చాడు. ఆడవాళ్ళు పట్టాల మీద వరసగా కూర్చుని తాలు ఏరుతున్నారు. తాలంటే రంగు పోయి తెల్లబడ్డ కాయ. ఎర్ర కాయలో నాలుగు తాలు కాయలు కనపడినా మిర్చి యార్డులో ధర తెగ్గోస్తారు. అందుకని ఏరి, వేరే గోతంలో కుట్టి, వేరే ధరకి అమ్ముకోవాలి. తూకాలు, వేలం పాటలు మగవాళ్ళవి, ఏరుడు ఆడవాళ్ళది. మగవాడు తాలు ఏరడానికి కూర్చుంటే ఆ సీజనంతా ఊరు నవ్వుకుంటుంది. బసవమ్మ పదేళ్ళ వయసు నుంచీ ఏరుతోంది. ఆమె చేతి మీద నమ్మకంతోనే గుంటూరు యార్డులో కోటేష్ సరుకు గోతంలో ఎవరూ చెయ్యి పెట్టి చూసేవాళ్ళు కాదు. తాలు కలపని రైతు అని పేరు. ఆ పేరంటే కోటేష్‌కి ప్రాణం.

"బాబాయ్, మన ఫండు ఇక ఎక్కేట్టు లేదు. ఇంకో దాంట్లోకి మార్చేద్దాం" అన్నాడు వీరబాబు.

"మారిస్తే అమ్మినట్టా?"

"అమ్మకమేంటి బాబాయ్. బొత్తాం నొక్కితే ఇందులోంచి అందులోకి పోద్ది. నీ చేతికి రూపాయి వస్తేగా అమ్మినట్టు."

కోటేష్‌కి విషయం తన భాషలో అర్థమైపోయింది. "అంటే ఈ కోల్డ్ స్టోరేజీలో టిక్కీ బస్తాలు తీసి ఆ కోల్డ్ స్టోరేజీలో పెట్టినట్టు."

"కరెక్టుగా చెప్పావ్."

"మరి టాక్సో?"

"వ్యవసాయం డబ్బుకి టాక్సు ఎక్కడిది బాబాయ్!"

అదీ కోటేష్‌కి తెలిసిన మాటే. మిరప మీద వచ్చిన డబ్బుకి పన్ను లేదు. మిరప డబ్బు పిల్లల్ని పెడితే ఆ పిల్లలూ మిరపవే. ఫండులో పెట్టి ఏడాది నిండడానికి ఇంకా ఇరవై రోజులుంది. ఆ సంగతి ఇద్దరిలో ఒక్కరూ అనుకోలేదు. కోటేష్ ఊఁ అన్నాడు. అదే రోజు యలమంద కూడా ఊఁ అన్నాడు.

రెండు రోజుల తర్వాత పొద్దున్నే బసవమ్మ తుమ్మింది. నడింట్లోకి వెళ్ళింది. ఎంతసేపటికీ మాట లేదు.

"లేచిందా, కూలిందా?" అని మంచం మీంచే అరిచాడు కోటేష్.

"తాలు పడింది" అంది బసవమ్మ.

అతను లేచొచ్చి చూశాడు. రాశి ఎత్తు అలాగే ఉంది. కానీ అక్కడక్కడా కాయలు పాలిపోయి ఉన్నాయి.

"రాశన్నాక ఆమాత్రం తాలు ఉండదా? వదిలెయ్."

"పదకొండు నెలలు ఒక్క కాయ లేదయ్యా. రాత్రికి రాత్రి ఇంత పడిందంటే ఏదో అయ్యింది. వీరబాబుని అడుగు."

"వాడు చదువుకున్నోడే. నువ్వు కల్లంలో చెప్పు నీ కబుర్లు" అని కోటేష్ చేలోకి వెళ్ళిపోయాడు.

బసవమ్మ మూడు రోజులు నడింట్లోనే కూర్చుని ఏరింది. ఏరిన తాలు గోతంలో పోసి, దబ్బనంతో మూతి కుట్టి, నిచ్చెనేసుకుని అటక మీద పెట్టింది. గేదెల కొట్టంలో యలమంద భార్యకి కూడా తాలు కనిపించిందట. యలమంద కర్ర పెట్టి కలియబెట్టేసి, "ఇప్పుడు కనపడుతోందా?" అని అడిగాడట.

మే నెల మూడో వారానికి ఫోనులో లెక్క ఇరవై నాలుగు లక్షలైంది, రాశి ఇంచుమించు ఆ గీతని తాకింది. కోటేష్ ఆ గీతని బొగ్గుతో కాక సున్నంతో గీసుకున్నాడు. వీరబాబు చేత మొత్తం అమ్మించాడు. డబ్బు బ్యాంకులో పడిన పొద్దున నడింట్లో రాశి లేదు, గచ్చు మీద ఎర్రటి పొడి మాత్రం మిగిలింది. చూస్తే డెబ్బై రెండు వేలు తక్కువొచ్చింది.

వీరబాబు ఫోను అటూ ఇటూ తిప్పాడు. "కొన్ని యూనిట్లు ఇంకా ఉండిపోయాయి బాబాయ్. అమ్మమని నొక్కుతుంటే వెనక్కొస్తున్నాయి. పిన్నీ, ఇంట్లో ఏమన్నా తీసి పక్కన పెట్టారా?"

కోటేష్ తలెత్తి అటక వైపు చూశాడు.

"దించవే ఆ మూట."

"దించను."

"రేపు రిజిస్ట్రేషన్ పెట్టుకుని ఏంటే ఇది! పద్దెనిమిదేళ్ళ నుంచి..."

"అది మన కాయ కాదయ్యా."

"మనది కాకపోతే ఎవరిది? ఎవడు పండించాడు?"

"ఎవరిదో నాకూ తెలీదు. మనది కాదని మాత్రం చేతికి తెలుస్తోంది."

అతను నిచ్చెన వేసి ఎక్కాడు. మూట మీద చెయ్యి వేశాడు. బసవమ్మ అడ్డం వెళ్ళలేదు. కింద నిలబడి అంది, "దించుకో. కుట్టు విప్పి నీ చేత్తోనే కలుపు. ముప్పై ఏళ్ళు తాలు కలపని కోటేష్ పిచ్చయ్య గారి పొలం కోసం కలిపాడని నేనే యార్డుకొచ్చి చెప్తా."

కోటేష్ మూట మీంచి చెయ్యి తీశాడు. ఖాళీ చేతులతో దిగాడు.

"నా ఇంట్లోనే దొంగని పెట్టుకున్నా" అన్నాడు.

పిచ్చయ్య గారు మంచివాడే గానీ లెక్క లెక్కే అనే మనిషి. డెబ్బై రెండు వేలంటే మూడు సెంట్లు. తొంభై ఏడు సెంట్లు కోటేష్ పేర రాసి, మూడు సెంట్లు తన దగ్గరే ఉంచుకున్నాడు. ఆ మూడు సెంట్లు ఈశాన్యం మూల. బోరున్న మూల. సొంత చేనుకి తడి పెట్టాలంటే కోటేష్ ప్రతిసారీ ఆయన గుమ్మం దగ్గర నిలబడాలి. యలమంద వాళ్ళన్న దగ్గర నిండు ఎకరం కొన్నాడు. కనపడినప్పుడల్లా "ఒరేయ్, మూడు సెంట్ల తక్కువ ఆసామీ!" అని పిలిచేవాడు.

కోటేష్ భార్యతో మాట్లాడడం మానేశాడు. ఇంట్లో ఉన్నది ఇద్దరే. అయినా "అన్నం పెట్టమను" అని గోడకి చెప్పేవాడు. "రేపు కూలీలొస్తారని చెప్పు" అని గోడకే చెప్పేవాడు. గోడ మీద ఇంకా బొగ్గు గీతలుండేవి. బసవమ్మ విని అన్నం పెట్టేది. ఆమెకి దుఃఖం వచ్చేది. అంతకంటే ఎక్కువగా భయం వేసేది. ఒకవేళ తన చెయ్యే పొరబడి ఉంటే? మంచి కాయనే తాలనుకుని, మొగుడి చేనులో బోరు మూల తనే పోగొట్టి ఉంటే? ఆ ఆలోచన వస్తే ఎంత పనిలో ఉన్నా చేతులు ఆగిపోయేవి.

ఒక సంగతి మాత్రం ఆమె గమనించింది. అటక మీది మూట నెలనెలా బరువెక్కుతోంది. బజారు లేచినా కూలినా దానికి పట్టింపు లేదు. నెల తిరిగేసరికి ఓ పిడికెడు. ఏడాది దాటేసరికి అటక పాత చెక్క కాస్త వంగింది. ఆమె దాని కింద ఓ గుంజ పోటు పెట్టింది.

ఆ ఏడు మిరప ధర సగానికి సగం పడిపోయింది. కోసిన కూలి కూడా రాలేదు. కార్తీకంలో ఓ రోజు కోటేష్ ఫోనుకీ, యలమంద ఫోనుకీ ఒకే రకం మెసేజీ వచ్చింది. పన్ను బాకీ ఉందని, ఆదాయప్పన్ను వాళ్ళది. వీరబాబుకి ఫోను చేస్తే ఎత్తలేదు.

గుంటూరులో పన్ను కాగితాలు చూసే మెహర్ అనే అమ్మాయి ఉందంటే కోటేష్, బసవమ్మ అక్కడికి బయల్దేరారు. బస్సులో కోటేష్ ముందు సీట్లో కూర్చున్నాడు. బసవమ్మ వెనక ఆడవాళ్ళ మధ్య, ఒళ్ళో మూట పెట్టుకుని కూర్చుంది. ఎందుకు తెచ్చిందని అతను గోడని కూడా అడగలేదు, బస్సులో గోడ లేదు. బస్సంతా తుమ్ముతూనే గుంటూరు చేరింది.

మెహర్ కాగితాలన్నీ చూసింది. "పొలంలో పండిన దానికి పన్ను లేదండీ. కానీ ఆ డబ్బు ఫండులో పెట్టాక, ఫండు మార్చేనాటికి వచ్చిన ఏడున్నర లక్షల లాభం పొలంలో పండింది కాదు కదా."

"మేం అమ్మలేదమ్మా. ఒక దాంట్లోంచి ఇంకో దాంట్లోకి మార్చాం. కోల్డ్ స్టోరేజీ మార్చినట్టు..."

"ఫండు మార్చడమంటే ఒకటి అమ్మి ఇంకోటి కొనడమే బాబాయ్ గారూ. అదీ ఏడాది నిండకుండా. ఇరవై రోజులు ఆగుంటే పన్ను చాలా తగ్గేది." ఆమె కాసేపు లెక్క కట్టింది. "పన్ను, నెలనెలా వడ్డీ, ఆలస్యానికి రుసుము, అన్నీ కలిపి తొంభై ఏడు వేల ఎనిమిది వందలు."

కోటేష్ దగ్గర అంత డబ్బు లేదు. ఆ ఏడు ఊళ్ళో అప్పు పుట్టాలంటే పొలం మీద అమ్మకపు అగ్రిమెంటు రాయాల్సిందే. రాసిన వాళ్ళెవరికీ ఆ పొలం తిరిగి రాలేదు.

బసవమ్మ మూట బల్ల మీద పెట్టింది. "కత్తెరుందా అమ్మా?"

మెహర్ ఫైళ్ళు పక్కకి జరిపి, చున్నీ ముక్కుకి అడ్డం పెట్టుకుని కత్తెర అందించింది. కుట్టు తెగగానే కోటేష్ జేబులో ఫోను మోగింది. ఏడాదిన్నరగా అమ్ముడుపోని యూనిట్లు అమ్ముడుపోయాయని మెసేజీ. తొంభై ఏడు వేల ఎనిమిది వందలు. గోతం అడుగున పాలిపోయిన పొడి తప్ప ఏమీ లేదు. బసవమ్మ గోతం దులిపి, మడిచి, చంకలో పెట్టుకుంది. తన చెయ్యి పొరబడలేదని తెలిసి ఆమెకి అక్కడే ఏడుపొచ్చింది. మిరప ఘాటనుకుని మెహర్ ఫ్యాను వేసింది.

ఆ నెలలోనే యలమంద తన నిండు ఎకరం మీద అగ్రిమెంటు రాశాడు. మూడు సెంట్ల మాట మళ్ళీ ఎత్తలేదు.

గుంటూరు నుంచి వచ్చాక కూడా కోటేష్ మాట్లాడలేదు. ఏడాదిన్నర బిగుసుకున్న నోరు తేలిగ్గా తెరుచుకోదు. అన్నం దగ్గర ఒకటి రెండుసార్లు తలెత్తి, ఏదో అనబోయి, గోడ వైపు తిరిగిపోయాడు.

మాఘంలో కోత మొదలైంది. ధర ఇంకా లేవలేదు. కూలీలకి ఇవ్వలేక బసవమ్మ ఒక్కతే కల్లంలో పట్టా మీద కూర్చుని ఏరుతోంది. రోడ్డు మీద జనం పోతున్నారు. కోటేష్ వచ్చి, తువ్వాలు ముక్కుకి కట్టుకుని, ఆమె ఎదురుగా కూలబడ్డాడు. సైకిలు మీద పోతున్న వాడెవడో ఆగి చూసి నవ్వాడు. కోటేష్ లేవలేదు. రాశిలోంచి ఒక కాయ తీసి అటూ ఇటూ తిప్పాడు.

"ఇది తాలేనా?" అన్నాడు.

బసవమ్మ అలవాటుగా చుట్టూ చూసింది. కల్లంలో గోడ లేదు. తననే అడుగుతున్నాడు.

"ఎండకి పట్టి చూడు. లోపల గింజ కనపడితే తాలు" అంది.

అతను కాయని ఎండకి పట్టి చాలాసేపు చూసి, ఆమె పక్కనున్న తాలు గోతంలో వేశాడు.