యాభై రెండు పుస్తకాల పందెం

"వదినె! నీ తల్లిగారి సారె ఒచ్చింది. జల్ది రా, ఎద్దులు ఆగుతలేవు!"

వాకిట్లోంచి లాజరు కేక వినగానే అన్నమ్మ పొయ్యి మీద పాలను వాటి ఖర్మకు వదిలేసి పరుగెత్తింది. బండిలో వరిగడ్డి మీద ఆమె ట్రంకు పెట్టె కూర్చుని ఉంది. ఆకుపచ్చ రంగు పెచ్చులూడిపోయింది, తాళం మీద లక్క ముద్ర ఒకటి కొత్తగా వచ్చి చేరింది. అయినా ఆ క్షణాన ఆమె కంటికి అంత అందమైన వస్తువు లోకంలో మరొకటి లేదు.

పదిహేడు రోజులు ఆ పెట్టె సరిహద్దు నాకా దగ్గర పడి ఉంది. నందిగామ నుంచి కోదాడకు వచ్చే దారిలో సోదా చేసేవాళ్లు మూత తెరిచి, ఒక్క ఆడమనిషికి ఇన్ని పుస్తకాలెందుకని ఆపేశారు. ఆ సెప్టెంబరులో నైజాం ఏలుబడి పోయింది గానీ, కాగితం కనపడితే పుట్టే అనుమానం పోలేదు. లోపల కమ్యూనిస్టుల సంఘం కరపత్రాలున్నాయేమోనని ఒక్కొక్క పుస్తకాన్నీ దులిపి చూశారట.

"ఏం దొరికాయి?" అంది అన్నమ్మ.

"రెండు ఎండిన చేమంతులు, ఒక నెమలీక. అవి గూడ కాయిదం మీద రాసుకున్నరు వదినె" అన్నాడు లాజరు పెట్టె దింపుతూ.

లాజరు అన్నమ్మ భర్త రాజారత్నానికి చిన్నాయన కొడుకు. పక్కన చిలుకూరులో మిషను బడి పంతులు. మనిషి సన్నగా ఉంటాడు, నోరు ఊరుకోదు. పెట్టెను అరుగు మీదికి చేర్చి, మూత తీయగానే పైనున్న పుస్తకాన్ని ముక్కు దగ్గర పెట్టుకున్నాడు.

"అబ్బ! కొత్త కుండల నీళ్లు పోసిన వాసన."

అన్నమ్మ చప్పున తలెత్తింది. "ఈ మాట మీ అన్నయ్య నాకు నాలుగో ఉత్తరంలో రాశారు తెలుసా? అక్షరం తేడా లేదు!"

లాజరు చటుక్కున పుస్తకాన్ని పెట్టెలో పెట్టేశాడు. "ఇద్దరం ఒక్క పళ్లెంల తిని పెరిగినోళ్లం గద వదినె. మాటలు గూడ ఒక్కతీరే ఉంటయ్" అని ఎద్దుల వైపు తిరిగిపోయాడు.

"పాలన్నీ పొంగి పొయ్యిల పడ్డయ్" అంటూ రాజారత్నం లోపల నుంచి వచ్చాడు.

"పోతే పోనివ్వండి. పెట్టె వచ్చింది!" అంది అన్నమ్మ, పాలు పొంగడం కూడా శుభమే అన్నట్టు.

పెళ్లయి ఆరు వారాలు. గుంటూరులో ఇంటర్మీడియెట్ చదివిన పిల్ల, ఈ ఆరు వారాల్లో ఇంట్లో ఉన్న ఒకే ఒక పంచాంగాన్ని మూడుసార్లు చదివింది. మునగకాయలు చుట్టి తెచ్చిన కాగితం కూడా విప్పి చదివేది. ఆమెకు రెండు సంబంధాలు వచ్చాయి. ఒకటి గుంటూరు లెక్చరరుది. ఆయన పెళ్లిచూపుల్లో పాట పాడమన్నాడు, పాకం ఎట్లా పట్టాలో అడిగాడు, ఏం చదువుతావని మాత్రం అడగలేదు. రెండోది కోదాడ సర్కారు కచేరీలో గుమాస్తా రాజారత్నానిది. ఈస్టరు తరువాత నిశ్చయం చేసుకుని వెళ్లిన మనిషి, సరిహద్దు అంతా అట్టుడుకుతుంటే కూడా నవంబరులోపల పదకొండు ఉత్తరాలు పంపాడు. "అక్కడ రోజూ ఏదో ఒక గొడవ, ఆలోచించుకో" అని తండ్రి అంటే, "ఈ ఉత్తరాలు రాసిన మనిషిని తప్ప ఎవరినీ చేసుకోను" అంది అన్నమ్మ. ఆ మాట నందిగామ వీధిలో అందరూ విన్నారు.

పెట్టెలో ముప్పై ఎనిమిది పుస్తకాలున్నాయి. ఏడాదికి యాభై రెండు వారాలు. తక్కువపడే పద్నాలుగు, సూర్యాపేటలో మళ్లీ తలుపులు తెరిచే పఠనాలయం నుంచి తెచ్చుకోవచ్చు. లెక్క అట్లా కుదిరేసరికి అన్నమ్మకు చప్పట్లు కొట్టాలనిపించింది, కొట్టింది కూడా. కొత్త నోటు పుస్తకం తీసి, పెట్టె మూత అంచు ఆనించుకుని యాభై రెండు గీతలు గీసింది. పక్కన రెండు గళ్లు పెట్టింది. ఒక దాని మీద 'అ', రెండోదాని మీద 'రా'.

"వారానికో పుస్తకం. ఇద్దరం చదవాలి. శనివారం సాయంత్రం అరుగు మీద కూర్చుని ఎవరికేం నచ్చిందో చెప్పుకోవాలి. పూర్తి చేయని వాళ్లు ఆ వారమంతా బావి నుంచి నీళ్లు మోయాలి. పందెం!"

"మొగోడు కడవ నెత్తిన పెట్టుకుంటే మైసమ్మక్క నవ్వి సస్తది" అన్నాడు రాజారత్నం, పక్కింటి గోడ వైపు చూస్తూ.

"అయితే చదవండి, మొయ్యక్కర్లేదు. ఒప్పుకున్నట్టు సంతకం పెట్టండి."

ఆయన కలం అందుకుని కుడి నుంచి ఎడమకు ఒక్క ఊపులో ఉర్దూలో దస్తఖత్ చేశాడు. మల్లెతీగ పందిరికి పాకినట్టుంది. కచేరీ అలవాటు కాబోలని అన్నమ్మ మురిసిపోయి, ఆ సంతకం చుట్టూ చిన్న చిన్న పూలు గీసింది.

కొత్త సంవత్సరం పొద్దున గుడి నిండిపోయింది. రాజారత్నం కీర్తనల పుస్తకం చేత పట్టుకుని, కళ్లు మూసుకుని పాడుతుంటే ముందు వరుస ఆడవాళ్లు కూడా వెనక్కి తిరిగి చూశారు. ఒక్క చరణం తప్పలేదు. అన్నమ్మ మెడ ఇంత పొడుగు సాగింది.

ఆ గుడిలో ఒక ఆనవాయితీ ఉంది. ఏడాది మొదటి రోజున వెదురు బుట్ట నిండా వాక్యాల చీటీలు చుట్టి పెడతారు. ఇంటి పెద్ద వచ్చి ఒకటి తీసి అందరి ముందూ చదవాలి. ఆ ఇంటికి ఆ ఏడాది ఆ మాటే తోడు.

"ఈసారి చీటీలన్ని మన లాజరు పంతులే రాసిండు. ముత్యాలసొంటి అచ్చరాలు" అని పాస్టరు పక్క ఊరు రెడ్డిపాలెం నుంచి వచ్చిన వాళ్లకు కూడా వినపడేలా చెప్పాడు. లాజరు వెనక గోడకు ఆనుకుని నిలబడ్డాడు, తల ఎత్తలేదు.

రాజారత్నం వంతు వచ్చింది. చీటీ విప్పి, గొంతు సవరించుకుని, కొండలు కదిలినా తన కనికరం కదలదని దేవుడు చెప్పిన వాక్యం చదివాడు. చదివాడంటే చదవడమా అది! ఆఖరి మాట దగ్గర ముసలి బుచ్చమ్మ కళ్లు తుడుచుకుంది. అన్నమ్మ ఆ చీటీని భర్త చేతిలోంచి తీసుకుని చెంగున ముడి వేసుకుంది. నోటు పుస్తకం మొదటి పేజీలో అంటించాలి.

ఇంటికి వచ్చి, అన్నాలు తిన్నాక, మైదాపిండి ఉడికించిన జిగురు గిన్నె పక్కన పెట్టుకుని ఆమె చీటీ విప్పింది.

అందులో కొండలు లేవు. ఎండిన నేలలో నీటి ఊట పుట్టిస్తానని ఉంది.

ముందు ఆమెకు నవ్వొచ్చింది, వేరేవాళ్ల చీటీ వచ్చిందేమోనని. కాదు, చేతిలోంచి చేతికి తీసుకుంది. అప్పుడు అక్షరాల వైపు చూసింది. 'ళ' కింద తోక గొర్రెపిల్ల తోకలా లోపలికి చుట్టుకుని ఉంది. ఏడు నెలలు తలగడ కింద పెట్టుకుని పడుకున్న తోక అది. లేచి బట్టల మూటలోంచి పదకొండు ఉత్తరాలు తీసింది. చీటీని వాటి పక్కన పెట్టింది. ఒకే చెయ్యి.

రాజారత్నం అరుగు మీద తెగిన చెప్పు పట్టీ కుట్టుకుంటున్నాడు.

"ఏమండీ, ఈ చీటీ ఒకసారి చదవండి."

"పొద్దుగాల సదివిన గద."

"నా కోసం చదవండి."

ఆయన అందుకున్నాడు. పొద్దున్న పలికినట్టే కొండల వాక్యం పలికాడు, అంతే అందంగా.

"ఇందులో కొండలు లేవండీ. ఊట ఉంది."

పక్కింట్లో మైసమ్మ కారం దంచుతున్న చప్పుడు ఒక దెబ్బకు ఆగి మళ్లీ మొదలైంది. రాజారత్నం సూదిని చెప్పులోనే వదిలేశాడు.

"గీ దినం ఒస్తదని నాకెరుకే" అన్నాడు చివరికి.

"తెలుగు అసలు రాదా?"

"అచ్చరాలు గుర్తుపడత. కూడుకోని కూడుకోని ఒక మాట సదివేటాల్లకు ముందటి మాట మర్సిపోత. సూర్యాపేట బడిల ఒకటో తరగతి సంది అంత ఉర్దూనే. సర్కారు నౌకరి కావాల్నంటే తెలుగుతోని ఏం పని అన్నడు మా నాయిన. కీర్తనలు, వాక్యాలు మా అమ్మ నోటెంట నేర్సుకున్న."

"ఒక్క ముక్క చదవని మనిషికి నేను పందెం..."

"గా మాట అనకు!" ఆయన గొంతు మొదటిసారి లేచింది. "సదవనోణ్ణి గాను నేను. మిర్యాలగూడల మా నాయిన ఇంట్ల నాకు అరవై పుస్తకాలుండె. అన్ని ఉర్దూ. నా జీతం పెట్టి హైదరాబాదు కెళ్లి తెప్పించుకున్నయ్. మొన్న సెప్టెంబరుల, ఉర్దూ పుస్తకాలు ఇంట్ల ఉంటే రజాకార్ల మనుషులంటరు, పానం మీదికొస్తదని మా నాయిన వణికిండు. నేనే నీళ్ల పొయ్యిల పెట్టిన. మూడు దినాలు తానాలకు నీళ్లు గవ్విటితోనే కాగినయ్. నీ పెట్టె పదిహేడు దినాలు ఆగినందుకే ఏడిస్తివి."

మరో రోజైతే ఆ మాటకు అన్నమ్మ ఆయన పక్కన కూలబడి ఏడ్చేది. ఈ రోజు ఆమె ఒళ్లో పదకొండు ఉత్తరాలున్నాయి.

"ఇవి లాజరు రాశాడు. మీరు చెప్తుంటే రాశాడా?"

"మొదటిది చెప్పిన."

"తక్కిన పది?"

"వాడే రాసిండు. మంచిగ రాస్తడు గద."

"నా ఉత్తరాలు? నేను రాసినవి మీకెవరు చదివి పెట్టారు?"

ఆయన చూపు లాజరు ఉండే చిలుకూరు దారి వైపు పోయింది. ఆ ఉత్తరాల్లో ఏమేం రాసిందో అన్నమ్మకు వరసగా గుర్తొచ్చింది. చెవులు మండాయి. పెట్టె దింపిన రోజున ఎద్దుల వైపు తిరిగిపోయిన ఆ సన్నటి వీపు గుర్తొచ్చింది. తను ఎంచుకున్న మనిషి ఈ అరుగు మీద కూర్చున్నవాడు కాదు. అట్లాగని గోడకు ఆనుకుని నిలబడ్డవాడూ కాదు. ఆ మనిషి ఎక్కడా లేడు.

"ఈ ఉత్తరాల్లో ఏముందో ఎప్పుడైనా అడిగారా?"

"అడగలే" అన్నాడు రాజారత్నం. "గొడవలున్న గూడ నువ్వు నన్నే చేసుకుంటనన్నవని సెప్పిండు. గదే సాలనుకున్న."

అన్నమ్మ లేచి నోటు పుస్తకం తెచ్చింది. 'రా' గడిలోని యాభై రెండు గీతలనూ పై నుంచి కింది దాకా ఒకే గీతతో కొట్టేసింది. పూలు గీసిన సంతకం మీదుగా కూడా కలం పోయింది. పక్కన పదకొండు అని రాసింది.

"ఈ ఏడాది మీరు చదవాల్సినవి ఇవి. మీ పేరు పెట్టుకుని నాకు వచ్చినవి మీరు చదవాలి. నెలకొకటి, ఒక నెల ఎక్కువే ఇస్తున్నాను."

"మరి నీ యాభై రెండు?"

"నావి నేను చదువుకుంటాను. ఒక్కదాన్నే."

"అన్నమ్మా, జర నా మాట ఇను..."

"రేపు ఆదివారం" అంది ఆమె జిగురు గిన్నె తీసుకుని లోపలికి పోతూ, వెనక్కి తిరగకుండా. "గుడి నుంచి వచ్చేటప్పుడు లాజరును భోజనానికి తీసుకురండి. ఆయన్ను ఈ అరుగు మీద కూర్చోబెడతాను. మొదటి ఉత్తరం మీరు కూడబలుక్కుని చదువుతారు, ఆయనా నేనూ వింటాం. అది అయ్యాకే అన్నం వడ్డిస్తాను."