పోయే పేరు లేనివాడు

కుర్రతనంలో ఒక గోదాము తాళం పగలగొట్టి అతను జైలుకు వెళ్లివచ్చాడు. ఆ తర్వాత ఏళ్లు గడిచినా పరాయివాళ్ల గుండుసూది ముట్టింది లేదు. అయినా వీధిలో అతని పేరు పాతకేసు. "పాతకేసూ, ఈ బస్తా కాస్త పట్టు నాయనా" అని కూరగాయలామె ప్రేమగానే పిలిచేది. మొదట్లో మనసు చివుక్కుమనేది. పోనుపోను అతనూ నవ్వేసేవాడు.

అక్క పోరు పెట్టి బావ లాండ్రీలో పనిప్పించింది. సిరా మరకైనా, గ్రీజు మరకైనా అతని చేతిలో పడితే వదలాల్సిందే. "వీడు నా మనిషి. వీడి మీద ఈగ వాలనివ్వను" అని బావ వచ్చినవాళ్లందరికీ చెప్పేవాడు. ఆ మాటకు పాతకేసు కడుపు నిండేది.

ఒకరోజు వకీలుగారి ఉన్ని కోటు కనబడలేదు. దుకాణమంతా తిరగేశారు. వకీలు చూపు తిన్నగా వచ్చి పాతకేసు మీద ఆగింది.

"అడగాల్సినవాణ్ణి అడగవేమయ్యా?"

పాతకేసు ధీమాగా బావ వైపు చూశాడు. బావ నేలచూపులు చూస్తూ గొణిగాడు: "ఏం చెప్పమంటారు సార్! అయినవాడు కదా అని పెట్టుకున్నాను."

పోలీసులు తీసుకెళ్లి కుళ్లబొడిచారు. ఏమీ దొరక్క వదిలేశారు. కుంటుకుంటూ దుకాణానికి వచ్చి, తన బట్టలు తీసుకుపోదామని వెనకగదిలో సబ్బు బస్తాలు జరిపాడు. వాటి వెనక కోటు ఉంది. వీపు మీద ఇస్త్రీపెట్టె అచ్చు నల్లగా మాడి ఉంది. ఉన్ని బట్టలు బావ తప్ప ఎవరూ ఇస్త్రీ చేయరు.

గుమ్మంలో అక్క నిలబడి ఉంది.

"నీకు తెలుసా అక్కా?"

"ఫోన్ మాట్లాడుతూ దాని మీదే పెట్టె వదిలేశారురా మీ బావ. కోటు మాడ్చారని నలుగురికీ తెలిస్తే మన గడప ఎవరు తొక్కుతారు?"

"అందుకని నన్ను దొంగని చేస్తారా?"

"నీకా పేరు ఎలాగూ ఉందిగా నాన్నా! కొత్తగా పోయేదేముంది?"

అలిగినవాణ్ణి అన్నానికి బతిమాలుతున్నట్టే అంది. ఆమె తిట్టి ఉంటే ఓర్చుకునేవాడు.

కోటు పట్టుకుని వకీలు ఇంటికి వెళ్లాడు. "దొంగిలించింది చాలక మాడ్చి, ఇప్పుడు అన్నం పెట్టినవాడి మీదకి తోస్తావా?" అని ఆయన తలుపు వేసేశాడు. పనికోసం తిరిగిన ప్రతి దుకాణంలోనూ అతనికంటే ముందు కోటు సంగతి చేరిపోయి ఉంది. చివరికి గోదాము దొంగతనం నాటి పాత జతగాడు ఎదురుపడ్డాడు. "తిన్నావా?" అని అడిగింది వాడొక్కడే. పాతకేసు వాడి వెంట వెళ్లాడు.

వానాకాలం వెళ్లకముందే ఒక గిడ్డంగి తాళం దగ్గర దొరికిపోయాడు. ఈసారి నిజంగానే. "కుక్కతోక వంకర ఎక్కడికి పోతుంది? మేం అనుకున్నదేగా!" అంది వీధి. అందరికంటే గట్టిగా బావే అన్నాడు.

అక్క మాత్రం ములాఖత్ రోజున జైలుకు వచ్చి కూర్చుంది. వార్డరు లోపలికి వెళ్లి, "మీ అక్కట, వచ్చింది" అన్నాడు.

పాతకేసు గోడ వైపు తిరిగి పడుకున్నాడు.

"నాకు అక్కలెవరూ లేరని చెప్పండి."