మూడో నాటి బండి

ఊరట ఇంట్లో చేరినవాళ్లు మూడో నాడు పోతారు. నయం కాని రోగుల నొప్పి తగ్గించే ఆ ఇంటి మీద ఈ మాటను గోదావరిఖనిలో ఎవరు పుట్టించారో ఎవరికీ తెలియదు. మాట తెలియనివారు మాత్రం ఎవరూ లేరు. కూరగాయల అంగట్లో తెలుసు, షిఫ్టు బస్సులో తెలుసు, మంగలి దుకాణంలో తెలుసు. మొదటి రోజు మాత్ర, రెండో రోజు నిద్ర, మూడో రోజు సూది. ఆ మధ్యాహ్నమే ముఖం మీద తెల్లబట్ట కప్పి బండిలో తీసుకుపోతారు. ఇది చెప్పేవాళ్లలో సగం మంది కళ్లారా చూసినవాళ్లే. చిక్కంతా అక్కడే ఉంది.

సదానందం పుకార్లను నమ్మే మనిషి కాదు. బొగ్గుబావుల్లో గాలి విభాగంలో ముప్పై ఒక్క ఏళ్లు పనిచేసి రిటైరయ్యాడు. గనిలో పేలే వాయువుకు రంగు లేదు, వాసన లేదు. “నాకేం అనిపించలేదు” అన్నవాడి మాట అక్కడ చెల్లదు. మీటరు చెప్పిందే మాట. ఆ అలవాటు ఇంటికీ వచ్చింది. జ్వరమంటే థర్మామీటరు తెమ్మనేవాడు. దయ్యం కనబడిందంటే ఎన్ని గంటలకని అడిగేవాడు. అందుకే ఆ మంగళవారం పొద్దున, సెంటినరీ కాలనీలోని మేనల్లుడి క్వార్టర్లో, అతని అక్క సారక్క, తన భర్త మంచం దగ్గరి నుంచి లేచి వచ్చి తమ్ముడి చేయి పట్టుకుంది.

“తమ్మీ, ఆ ఊరట ఇంటికి నువ్వు పోయి సూసి రా. నువ్వు మంచిగున్నదంటే బావను పంపుత. లేదంటవా, ఏదైతే అదాయె, నా కండ్ల ముంగటనే ఉంటడు.”

లోపల బావ ఎల్లేశం దిండులో ముఖం దూర్చుకుని పడుకున్నాడు. ఒకప్పుడు తట్టలకొద్దీ బొగ్గు ఎత్తిన మనిషి. ఊపిరితిత్తిలో పుట్టిన క్యాన్సర్ వెన్నెముకకు పాకింది. ఇక వైద్యం లేదు, ఇంట్లో ఉంచుకోండని డాక్టర్లు చెప్పి నెల దాటింది. నాలుగు రాత్రులుగా కంటి మీద కునుకు లేదు. నొప్పి వచ్చినప్పుడు కేక బయటికి రాకుండా దిండు కొరుకుతున్నాడు. అంతలోనూ బావమరిదిని చూసి నవ్వబోయాడు.

“ఏందిరా, మీటరు తెచ్చినవా? నా పానం ఎన్ని పాయింట్లున్నదో సూడు.”

“పాయింట్లు మస్తుగున్నయి బావా. నోరు నడుస్తనే ఉన్నది గదా,” అన్నాడు సదానందం. అని, అక్కడ నిలబడలేక బయటికి వచ్చాడు.

మేనల్లుడు సంపత్ వాకిట్లో ఎదురుచూస్తున్నాడు. ఓపెన్‌కాస్టు గనిలో డంపర్ లారీ నడుపుతాడు. “మామా, సైన్సు సైన్సు అనుకుంట మా నాయనను ఆడ పండవెట్టకు. మూడో నాడు నాకు ఫోనొస్తే ఎవలు జవాబుదారి?”

సదానందం “నేనే” అనవలసింది. “సాయంత్రం ఆరు దాంక పడక ఆపుతమన్నరు ఊరట ఇంటోళ్లు. గప్పటిదాంక ఆగు,” అని స్కూటర్ తీశాడు.

దారి పొడవునా మనసు ఒక చోట నిలవలేదు. ఏం చూడాలి? గోడలకు రంగు చూస్తే సరిపోదు. పిలిస్తే ఎంతసేపట్లో వస్తారు, మందుకు తాళం ఎవరిది, రాత్రి ఎంతమంది ఉంటారు, వీపు పుండ్లు కాకుండా ఎన్ని గంటలకొకసారి తిప్పుతారు... ఒక్కో ప్రశ్న తోచినప్పుడల్లా స్కూటర్ ఆపి జేబు పుస్తకంలో రాసుకున్నాడు. మూడు సార్లు ఆపాడు. మూడోసారి గడియారం చూసి తనను తానే తిట్టుకున్నాడు.

బొగ్గు యార్డు చౌరస్తాలో మల్లక్క చాయ్ హోటల్ ఉంది. లారీలు రేపే నల్లటి దుమ్ములో గ్లాసుల మీద మూతలు పెట్టుకుని చాయ్ అమ్మే మనిషి ఆమె. ఊరట ఇంటి బండి ఆ చౌరస్తా మీదుగానే పోవాలి. మాట పుట్టిన చోటు ఇదేనేమోనని అతనికి అనుమానం.

“నువ్వు సూసినవా మల్లక్కా?”

“సూసుడేందన్నా! పోయిన వారంల నాలుగు సార్లు. మూడు గొట్టంగ పోతది బండి. అద్దంల కెల్లి కనవడ్తది, మొకం మీద బట్ట. నేను పొయ్యి కాడికెల్లి లేసి దండం వెడ్త.”

“డప్పు సప్పుడు?”

“లేదు.”

“ఎన్క మనుషులెవరన్న ఏడ్సుకుంట పోతరా?”

“ఉన్నోళ్లు బండ్లనే ఉంటరు గదా. అద్దాలు మూసుంటయి.”

“ఏ దిక్కు పోతది?”

“గోదారి దిక్కు. కాలవెట్టేది గాడనే గదా! నీ అడుగుడేందో పోలీసోని లెక్కున్నది. మొకం మీదికెల్లి బట్ట గప్పినంక మనిషి బతికుంటడా అన్నా?”

బల్ల మీద కూర్చున్న లారీ డ్రైవర్లు నవ్వారు. సదానందం నవ్వలేదు. నాలుగు సార్లు, ఒకే వేళ, ఒకే దిక్కు. చూసినదాన్ని చూసినట్టు చెప్పే సాక్షి. ఇది పుకారే కావచ్చు, కాని ఏదో ఒకటి జరుగుతోంది. లోకమంతా నమ్మింది కాబట్టి అబద్ధమే అనుకోవడం కూడా ఒక రకం మూఢనమ్మకమే. చాయ్ సగం వదిలేసి లేచాడు.

ఊరట ఇల్లు రోడ్డుకు కాస్త లోపలగా, పెంకుల వసారాతో ఉంది. ట్రస్టు వాళ్లు నడుపుతున్నారు. పన్నెండు పడకలు, ఒకటి ఖాళీ. జూహీ అనే నర్సు అతన్ని లోపలికి తీసుకువెళ్లింది. అతను కుర్చీ వద్దని నడవాలో నిలబడి గడియారం చూడసాగాడు. ఒక మంచం దగ్గర పిలుపు గంట మోగింది; నలభై సెకన్లలో ఒకరు వెళ్లారు. రెండోదానికి నిమిషం పది సెకన్లు. మూడోది మూడు నిమిషాలు దాటింది. రాసుకున్నాడు. మందుల బీరువాకు రెండు తాళాలు. మార్ఫిన్ మాత్ర తీసినప్పుడల్లా ఇద్దరు సంతకం పెడుతున్నారు. ప్రతి మంచానికీ ఒక కాగితం: నొప్పి పదిలో ఎంత, ఏ వేళకు ఎంత తగ్గింది. స్నానాల గదిలో గోడకున్న కడ్డీని పట్టుకుని ఊపి చూశాడు, ఊగింది. అదీ రాసుకున్నాడు.

“రాత్రి ఎందరుంటరమ్మా?”

“ఒక్కలమే సార్. ఇంకొకలను అడుగుతున్నం, దొరుకుతలేరు. డాక్టర్ సార్ వారంల మూడు దినాలొస్తరు.”

దాచలేదు. బాగానే ఉంది, కాని ఒక్కరంటే తక్కువే. అతను నీళ్లు నమలకుండా అసలు మాట అడిగేశాడు. “ఈడికొచ్చినోళ్లు మూడో నాడు పోతరంటరు?”

జూహీకి కోపం రాలేదు. “మా అమ్మీ గూడ గదే అన్నది సార్. నేను పనికి చేరినంక మూడో నాడు ఇంటికి పోతే, నా చెయ్యి గిచ్చి చూసింది.”

“మరి మూడో నాడు ఏమైతది?”

“మందు కుదురుతది. ఎంత మాత్ర, ఎన్ని గంటలకొకసారి, గది మూడు దినాలల్ల తెలుస్తది. ఇంటోళ్లకు నేర్పి పంపుతం. తర్వాత వారం వారం మేమే ఇంటికి వస్తం. పోయేటోళ్లు ఈడ గూడ పోతరు సార్. మేం తొయ్యం, పట్టి ఆపం. నొప్పినే ఆపుతం.”

రిజిస్టరులో పేర్లు కనబడకుండా అట్ట అడ్డం పెట్టి లెక్క చూపింది. పోయిన నెలలో చేరినవారు ఇరవై ఆరు. ఇక్కడ కన్నుమూసినవారు ఐదుగురు. ఇంటికి వెళ్లినవారు పందొమ్మిది. మిగిలిన ఇద్దరూ ఇంకా పడకల మీద ఉన్నారు. సదానందం అంకెలు రాసుకున్నాడు గాని ఊరట కలగలేదు. కాగితం ఏం రాస్తే దాన్ని మోస్తుంది. గని లోపలికి దిగకుండానే, పైన బల్ల ముందు కూర్చుని, గాలి లెక్కలు చక్కగా నింపినవాళ్లను అతను ఎరుగును. ఇంటికి వెళ్లారని రాసి ఉంది; వెళ్లినవాళ్లను ఎవరు చూశారు?

మూడుకు పది నిమిషాలుందనగా తెల్లబండి వసారాకు వెనక్కి వచ్చి ఆగింది. స్ట్రెచర్ మీద ఒక ముసలామెను తెచ్చి లోపల పెట్టారు. కళ్లు మూసుకుని ఉంది. డ్రైవర్ బిలాల్, నడివయసు మనిషి, బకెట్లోంచి ఒక తెల్లబట్ట తీసి, పిండి, ఆమె ముఖం మీద కప్పాడు.

సదానందం అడ్డం వెళ్లాడు. “ఆగు! ఏం జేస్తున్నవ్?”

“బట్ట గప్పుతున్న కాకా.”

“గదే, ఎందుకు?”

బిలాల్ అతన్ని ఎగాదిగా చూశాడు. “దుమ్ముకు. యార్డు కాడ రెండు కిలోమీటర్లు కండ్లు తెరవనియ్యదు. ఈ బండి ఎన్క తలుపు సక్కగ మూసుకోదు. దుమ్ము లోపలికి పోతే వీళ్లకు దగ్గు లేస్తది, దగ్గితే నొప్పి లేస్తది. నువ్వు బాయిల పనిచేసినట్టున్నవ్, తడిబట్ట ఎరుగవా?”

ఎరుగకేం. డ్రిల్లింగు జరిగే చోట ఆ ముప్పై ఒక్క ఏళ్లలో ఎన్నిసార్లు తడి తువ్వాలు ముక్కుకు కట్టుకున్నాడో లెక్క లేదు. దుమ్మును తిని బతికే ఊరు, దుమ్ముకు అడ్డం పెట్టిన బట్టను చూసి శవమనుకుంది. మరెక్కడైనా ఈ పొరపాటు జరగదు. మరెక్కడా ఈ బట్ట కప్పరు. వివరణ సరిగ్గా అతికింది. అతికినంత మాత్రాన నిజమైపోదు.

“నేను గూడ ఎక్కుత.”

“నస్పూర్ దాంక పోవాలె కాకా.”

“ఎంత దూరమైన సరే.”

స్ట్రెచర్ పక్కన నర్సు కూర్చునే పలక మీద, మోకాళ్లు దగ్గరికి ముడుచుకుని కూర్చున్నాడు. యార్డు దగ్గర లోకం నల్లబడింది. చౌరస్తాలో బండి నెమ్మదించగానే అద్దంలోంచి మల్లక్క కనబడింది. పొయ్యి దగ్గరి నుంచి లేచి రెండు చేతులూ జోడించింది. ఆ చేతుల మీదుగా సదానందాన్ని చూసి నోరు తెరిచింది.

బట్ట కింద ఏదో కదిలింది. “ఓ బిలాలూ, దుమ్ము వోయిందా లేదా? ఉక్కవోస్తున్నదిరా.”

“ఇంక రెండు నిమిషాలు లింగవ్వా.”

వంతెన మీదికి ఎక్కాక బట్ట తీశారు. కింద గోదావరి ఇసుకను చూస్తూ లింగవ్వ దీర్ఘంగా ఊపిరి పీల్చింది. అప్పుడు గాని పక్కనున్న మనిషిని గమనించలేదు. “నువ్వెవ్వలు బిడ్డా?”

“చూస్తానికి వచ్చిన అవ్వా. మా బావను ఊరట ఇంటికి తోలుదామనుకుంటున్న. నొప్పి పోయిందా?”

“పోతదా! ఉన్నది. కాని గప్పుడు నా మీద కూసుండె, ఇప్పుడు పక్కపొంటి కూసున్నది.”

“సూదిచ్చిన్రా?”

“సూదేడిది? గోలీలే. ఆ గోలీలకు కడుపు బిగుసుకపోతదని దానికో గోలి.” కాసేపు ఆగి అంది, “మంచోళ్లే గాని, రాత్రి పిలిస్తే ఆ పిల్ల ఒక్కతే ఎంతమంది కాడికని ఉరుకుతది, పాపం.”

సదానందం పుస్తకం తీశాడు. రాత్రి ఒక్కరే అన్న వాక్యం కింద గీత గీశాడు.

నస్పూర్‌లో బండి ఒక రేకుల ఇంటి ముందు ఆగేసరికి నాలుగు కావస్తోంది. కూతురు తిరుమల ఉరికి వచ్చి తల్లి చంకల కింద చేతులు వేసింది. మరో పక్క సదానందం పట్టుకున్నాడు. ఎముకల గూడంత బరువే. అయినా పాదాలు నేలను తన్నుతున్నాయి. గడపలో మెత్త వేసి కూర్చోబెట్టారు. తిరుమల మాత్రల వేళలు రాసిన కాగితాన్ని వేలితో చూపుతూ బిలాల్‌కు అప్పజెప్పసాగింది. ఒక్క వేళ తప్పింది, బిలాల్ సరిదిద్దాడు. తర్వాత తల్లి ముందు అన్నం గిన్నె పెట్టింది.

ఫోన్ మోగింది. సంపత్.

“మామా, ఎక్కడున్నవ్? నాయన నొప్పితోని దిండు శింపిండు. అమ్మ ఆగుతలేదు. మల్లక్క హోటల్ల మా డ్యూటీ పోరగాళ్లు చూసి ఫోన్ జేసిన్రు, నువ్వు శవం బండ్ల పోతున్నవంట!”

వెనుక సారక్క గొంతు వినబడింది: “తమ్మి ఏమంటున్నడు, గది చెప్పు ముందుగాల.”

సదానందం గడియారం చూశాడు. నాలుగూ పది. ఆరింటికి ఇంకా వేళ ఉంది. అక్కకు అందమైన మాట చెప్పడం అతనికి చేతకాదు, చూసింది చెప్పగలడు. “ఫోను అక్కకు వినవడేటట్టు వెట్టు. అక్కా, రాత్రి ఒక్కతే నర్సు, గందుకే రాత్రిపూట మనల ఒకలం ఉండాలె. స్నానాల గదిల కడ్డీ వదులున్నది, బిగియ్యమని చెప్పిపోత. డాక్టర్ దినాం రాడు. మందుల కాడ మాత్రం దొంగతనం లేదు, పిలిస్తే పలుకుతరు, నొప్పిని రాసి పెట్టి తగ్గిస్తరు. బావను బయల్దేరదీయుండ్రి. మొకానికి తడిబట్ట గప్పి తీస్కరండ్రి, యార్డు కాడ దుమ్మున్నది.”

తర్వాత సంపత్ గొంతు, ఇందాకటి కంటే చిన్నగా: “మరి... బండ్లున్న మనిషి, మామా?”

“ఆదివారం చేరింది. ఇయ్యాల మంగళవారం. మూడో నాడే. నస్పూర్‌ల బిడ్డ ఇంటి గడపల కూసొని అన్నం తింటున్నది.”